హైదరాబాద్ తిండి యాత్ర: మమ్మల్ని అందరూ అడిగే ప్రశ్నలు

మేము నలుగురం విజయవాడలో ఒకే బెంచీ మీద డిగ్రీ చదివినవాళ్లం. ఏడేళ్లుగా ప్రతి డిసెంబరులో రెండు రోజులు హైదరాబాద్ వెళ్లి, తినడం తప్ప మరో పని పెట్టుకోకుండా తిరిగి వస్తున్నాం. మాలో ఒకరు లెక్కల మాస్టారు, ఒకరు పూర్తి శాకాహారి, ఇంకొకరు ఏది నోట్లో పెట్టినా "మా అమ్మ ఇంతకంటే బాగా చేస్తుంది" అనే మనిషి. నాలుగోవాణ్ణి నేను. వచ్చిన ప్రతిసారీ బంధువులు, ఆఫీసువాళ్లు, అపార్టుమెంటువాళ్లు అవే ప్రశ్నలు అడుగుతారు. ఫోనులో చెప్పి చెప్పి విసిగి ఇలా రాసి పెడుతున్నాను.

బిర్యానీ మన ఊళ్లోనూ దొరుకుతుంది కదా, అంత దూరం ఎందుకు?

బిర్యానీ కోసమే అయితే వెళ్లనక్కరలేదు. మా రెండు రోజుల్లో బిర్యానీ వంతు ఒక్క పూట. మిగతాదంతా బేకరీలు, ఇరానీ హోటళ్లు, నాన్ బట్టీలు, మిఠాయి దుకాణాలు. మొజంజాహీ మార్కెట్ కూడలి దగ్గర నిలబడి చూడండి. దేశ విభజన తర్వాత వచ్చిన సింధీ కుటుంబంవారు 1953లో మొదలుపెట్టిన కరాచీ బేకరీ అక్కడే ఉంది. మొలకెత్తించిన గోధుమలతో జౌజీ హల్వా చేసే హమీదీ మిఠాయి దుకాణమూ అక్కడే. నిజాం కొడుకు మొజం జా పేరు మీద 1935లో కట్టిన రాతి మార్కెట్‌లో పళ్ల ఐస్‌క్రీములు అమ్ముతారు. కాస్త నడిస్తే ఇరానీ చాయ్. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు తమ వంటిల్లు వెంట తెచ్చుకుని ఈ ఊళ్లో దిగబడ్డారు. యునెస్కో 2019లో హైదరాబాద్‌ను ఆహార కళకు పేరున్న సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. మా మాస్టారు ఈ విషయం ఏటా రైలెక్కగానే కొత్తగా చెబుతాడు.

ఎంతమంది వెళితే బాగుంటుంది?

నలుగురు. ఊళ్లో తిరిగే కారులో డ్రైవరు కాక పట్టేది నలుగురే. ఇరానీ హోటల్ బల్ల చుట్టూ ఉండేవీ నాలుగు కుర్చీలే. ఆరుగురు వెళ్లామంటే ఎప్పుడూ ఇద్దరు వెనకబడి ఉంటారు, వాళ్ల కోసం మిగతావాళ్లు ఎండలో నిలబడాలి. ఇద్దరే వెళితే రుచి చూడగలిగినవి సగానికి తగ్గిపోతాయి.

రెండు రోజుల్లో ఎన్ని చోట్ల తినవచ్చు?

ఈ ప్రశ్నకు జవాబు మేము కష్టపడి నేర్చుకున్నాం. మొదటి ఏడాది ఒక్క రోజుకు తొమ్మిది చోట్లు రాసుకున్నాం. పొద్దున్నే నహారీ అనే మాంసం పులుసు, ఒక్కొక్కరికి ఒక గిన్నె. తర్వాత చాయ్, మీగడ పెట్టిన మలై బన్. పదకొండింటికే బిర్యానీ, తలకొక ప్లేటు. మూడు గంటలకు నాంపల్లిలో ఒక బేకరీ ముందు నిలబడ్డాం. లోపల నుంచి అప్పుడే కాల్చిన బిస్కెట్ల వాసన వస్తోంది, మాలో ఒక్కరికీ లోపలికి వెళ్లాలనిపించలేదు. అంత మంచి వాసన చూసి కడుపులో తిప్పింది. ఆ సాయంత్రమంతా గదిలో పడుకుని సోడా తాగాం.

ఆ రాత్రే లెక్కల మాస్టారు ఒక నియమం పెట్టాడు. దానికి మేము "పావు కడుపు" అని పేరు పెట్టుకున్నాం. ఏ చోటుకు వెళ్లినా నలుగురికీ కలిపి ఒక్క ప్లేటే. అది అయిపోయాక ఎంత బాగున్నా రెండోది చెప్పకూడదు. మరీ ఆగలేకపోతే మర్నాడు మళ్లీ రావచ్చు. చోటుకు చోటుకు మధ్య కనీసం అరగంట నడక ఉండాలి. ఈ లెక్కన రోజుకు ఆరు చోట్లు హాయిగా తిరగవచ్చు. ఏడోది కుదిరితే అది చాయ్ మాత్రమే.

ఇంకొక మాట. బస చేసిన హోటల్‌లో ఉచితంగా పెట్టే ఉదయం ఫలహారం జోలికి వెళ్లవద్దు. డబ్బు కట్టాం కదా అని చల్లారిన ఉప్మా తింటే, ఆ రోజు తినవలసిన ఒక మంచి వస్తువుకు చోటు పోయినట్టే.

నలుగురు కూర్చుని ఒక్క ప్లేటు చెబితే హోటల్ వాళ్లు ఏమీ అనరా?

"వన్ బై టూ" అనే మాట రోజూ వినిపించే ఊరిది. ఎవరూ ఏమీ అనరు. అయితే మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో బయట జనం వరుసలో నిలబడి ఉన్నప్పుడు ఒక్క ప్లేటుతో బల్ల ఆక్రమించి కబుర్లు చెప్పుకోవడం మర్యాద కాదు. తినగానే లేవాలి. వడ్డించిన మనిషి చేతిలో ఏదైనా పెట్టి రావాలి.

రోజు ఎలా మొదలుపెట్టాలి?

మొదటి రోజు పాతబస్తీ. ఎంజీబీఎస్ బస్టాండు దాకా మెట్రోలో వెళ్లి, అక్కడి నుంచి ఆటో ఎక్కండి. నయాపూల్ దగ్గర హోటల్ నయాబ్ లాంటి చోట్ల పొద్దున్నే నహారీ పెడతారు. మేక కాళ్లు, నాలుక రాత్రంతా సన్నని సెగ మీద ఉడికిన పులుసు అది. కుల్చా ముంచుకుని తినాలి. ఆలస్యంగా లేచి తొమ్మిదిన్నరకు వెళ్లి "అయిపోయింది" అనిపించుకున్న సంవత్సరాలు మాకు రెండు ఉన్నాయి. నహారీ వద్దనుకునేవారికి అదే హోటళ్లలో ఖిచ్డీ, ఖీమా, పుల్లటి ఖట్టా దొరుకుతాయి. హైదరాబాదీ ఇళ్లలో పొద్దుటి పూట తినేది ఎక్కువగా అదే.

అక్కడి నుంచి పురానీ హవేలీ వైపు నడిస్తే మున్షీ నాన్ ఉంది. 1851లో మొదలైన నాన్ దుకాణం. నాలుగు మూలల నాన్ అక్కడి ప్రత్యేకం. పిండిని నూతిలాంటి బట్టీ లోపలి గోడకు అంటించి, కాలాక పొడవాటి ఇనుప చువ్వలతో పైకి లాగుతారు. పది నిమిషాలు నిలబడి చూడవలసిన పని. వేడి నాన్‌ను ఏ కూరా లేకుండా నడుస్తూ చింపుకుని తినడమే మా పద్ధతి. "మా అమ్మ" మనిషి నోరు మెదపని ఏకైక చోటు అది. ఇంట్లో బట్టీ లేదు కదా.

తర్వాత చార్మినార్ పక్కన నిమ్రా అనే ఇరానీ హోటల్‌లో చాయ్. అక్కడ నిలబడే తాగాలి.

ఇరానీ చాయ్‌కీ మన టీకీ తేడా ఏమిటి?

మనం పాలు, నీళ్లు, పొడి, చక్కెర అన్నీ ఒకే గిన్నెలో మరిగిస్తాం. ఇరానీ హోటల్‌లో రెండు వేర్వేరు పాత్రలు ఉంటాయి. ఒకదానిలో డికాక్షన్, ఆవిరి పోకుండా మూత పెట్టి దమ్ మీద. రెండోదానిలో పాలు, చిక్కబడి మీగడ కట్టేదాకా. అడిగినప్పుడు రెండూ కప్పులో కలుస్తాయి. అల్లం, యాలకులు వెయ్యరు. కాస్త ఉప్పగా, వగరుగా, బాగా తియ్యగా ఉంటుంది. మొదటి గుక్కకు నచ్చకపోవచ్చు. మూడో గుక్క దాకా ఆగండి.

పాత ఇరానీ హోటళ్లలో కూర్చోగానే చిన్న ఉల్లి సమోసాలో, బిస్కెట్లో ఒక పళ్లెంలో తెచ్చి పెడతారు. ఉచితం అనుకోకండి. తిన్నవాటిని లెక్కపెట్టి బిల్లు వేస్తారు. మా శాకాహారి మిత్రుడు మొదటిసారి "ఎంత మర్యాద!" అని మురిసిపోయి ఎనిమిది సమోసాలు తిన్నాడు.

ఉస్మానియా బిస్కెట్ ఏ బేకరీలో బాగుంటుంది?

దీని మీద మా నలుగురికీ నాలుగు అభిప్రాయాలు. నా మాట అడిగితే నాంపల్లిలోని సుభాన్ బేకరీ. వెన్న వాసన ముందు, ఉప్పు వెనకాల. నిమ్రాలో బిస్కెట్ కంటే చాయ్‌తో దాని జోడీ బాగుంటుంది. లక్డీకాపూల్ దగ్గర కేఫ్ నిలోఫర్‌లో బిస్కెట్ మెత్తన, నోట్లో త్వరగా కరుగుతుంది.

ఆ పేరు చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ మీదుగా వచ్చింది. ఆయన కోసమే చేశారని కొందరు, ఉస్మానియా ఆసుపత్రి రోగులకు ఇచ్చేవారని కొందరు చెబుతారు. చాయ్ తాగుతూ వినడానికి రెండు కథలూ బాగుంటాయి.

అయితే అసలు విషయం పేరులో కాదు, బట్టీ వేళలో ఉంది. పేరున్న బేకరీలో నిన్నటి బిస్కెట్ కంటే పేరు తెలియని సందు బేకరీలో ఇప్పుడే దించిన ట్రే నయం. కౌంటర్ దగ్గర "తదుపరి ట్రే ఎప్పుడు దిగుతుంది?" అని అడగండి. సిగ్గుపడనవసరం లేదు, వాళ్లకు ఆ ప్రశ్న ఇష్టం. సాధారణంగా సాయంత్రం నాలుగు, అయిదు మధ్య చాయ్ వేళకు ఏదో ఒకటి దిగుతుంది.

ముంచే పద్ధతి: వేడి చాయ్‌లో రెండు అంకెలు లెక్కపెట్టేదాకా. మూడు అంటే సగం కప్పులోనే ఉండిపోతుంది.

బిస్కెట్లు కాక బేకరీలో ఇంకేం తినాలి?

లుఖ్మీ. చదరంగా, పొరలుపొరలుగా, లోపల ఖీమాతో ఉంటుంది. లుఖ్మా అంటే ముద్ద. హైదరాబాదీ పెళ్లిళ్లలో బిర్యానీకి ముందు పెట్టేది ఇదే. సమోసాకు దగ్గర చుట్టం అంటారు కానీ పిండి పూర్తిగా వేరు. చల్లారితే తోలులా సాగుతుంది కనుక అక్కడే తినాలి. కొబ్బరి, టూటీ ఫ్రూటీ కూరిన దిల్ పసంద్ మా చిన్నప్పటి బేకరీల్లోనూ ఉండేది, అందుకే దాని మీద నాకు పక్షపాతం. కరాచీ వారి ఫ్రూట్ బిస్కెట్ల గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు, అవి ఇప్పుడు ప్రతి విమానాశ్రయంలోనూ ఉన్నాయి. మొహర్రం నెలలో వెళ్లినవారు మాత్రం దమ్ కా రోట్ అడగండి. రవ్వ, నెయ్యి, బాదం, జీడిపప్పులతో చేసే మందపాటి రొట్టెలాంటి బిస్కెట్ అది. మా డిసెంబరు యాత్రకు మొహర్రం కలవదు కనుక ఒకసారి నేనొక్కడినే వెళ్లి తిన్నాను. మిగతా ముగ్గురూ దాన్ని ఇంకా క్షమించలేదు.

చివరికి బిర్యానీ ఎక్కడ?

1953 నుంచి ఉన్న సికింద్రాబాద్ ప్యారడైజ్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ బావర్చీ, పాతబస్తీలో మదీనా దగ్గరి షాదాబ్, షాలిబండ షా గౌస్. ఇవన్నీ అందరూ చెప్పే పేర్లే. బావర్చీ పేరుతో ఊరంతా బోర్డులు కనిపిస్తాయి. క్రాస్ రోడ్స్ వారు తమకు శాఖలు లేవని చెబుతారు. నా ఓటు షాదాబ్‌కు. పైగా పొద్దున్నే తిరిగిన చోటుకు దగ్గర.

ఎక్కడికి వెళ్లినా గుర్తుంచుకోవలసింది ఒకటి ఉంది. హైదరాబాద్ పద్ధతి కచ్చీ బిర్యానీ. పెరుగు, మసాలాలు పట్టించిన పచ్చి మాంసం అడుగున, సగం ఉడికిన బియ్యం పైన, మూత అంచుకు పిండి పూసి దమ్. అందుకే ప్లేటులో ఒక ముద్ద తెల్లగా, ఒకటి పసుపుగా, ఒకటి గోధుమ రంగులో ఉంటుంది. "సరిగ్గా కలపలేదు" అని గరిటెతో కలిపేయకండి. ఒక్కో ముద్దకు ఒక్కో రుచి రావాలనే అలా వడ్డిస్తారు. మటనే చెప్పండి. చికెన్ త్వరగా ఉడికిపోతుంది, దమ్‌లో దానికి దక్కేది తక్కువ.

పన్నెండున్నరకు వెళ్లండి. మొదటి హండీలు అప్పటికి తెరుస్తారు, జనం ఇంకా ముంచెత్తరు.

హలీమ్ ఏడాది పొడవునా దొరుకుతుందా?

కొన్ని చోట్ల దొరుకుతుంది. తినవలసిన కాలం మాత్రం రంజాన్. గోధుమలు, మాంసం, పప్పులు, నెయ్యి కలిపి ఇటుకలు, మట్టి బట్టీల మీద గంటల తరబడి పెద్ద కర్రలతో దంచుతారు. ఆ దంచడంలోనే దాని ప్రాణం ఉంది. హైదరాబాదీ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది కనుక క్యాలెండరు చూసుకుని బయలుదేరండి. ఆ నెలలో పాతబస్తీలో చాలా హోటళ్లు పగలు మూసి ఉంటాయి, రాత్రంతా తెరిచి ఉంటాయి. పగలు నిద్రపోయి సాయంత్రం బయటకు రావాలి.

మీలో ఒకరు శాకాహారి కదా, ఆయన ఏం చేస్తారు?

మా శాకాహారి మిత్రుడి సమాధానాన్నే రాస్తున్నాను: "మీ అందరికంటే నేనే బాగా తిన్నాను." పొద్దున మేము నహారీ దగ్గర ఉండగా అతను గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ బండి మీద వెన్న దోసె తింటాడు. ఉప్మా, మసాలా, పైన వెన్న, అంచుల దాకా పరిచిన ఎర్రని పొడి. ఒక ఏడాది మేమే నహారీ వదిలేసి అతని వెంట వెళ్లాం. అబిడ్స్ తాజ్‌మహల్ హోటల్‌లో ఇడ్లీ, కాఫీ, భోజనం ఉంటాయి. చాయ్, నాన్, తీపి వస్తువులు, ఐస్‌క్రీములు సరేసరి. ఒక్క జాగ్రత్త: బేకరీల్లో గుడ్డు సంగతి అడిగి తీసుకోవాలి. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూడవచ్చు, విడిగా ట్రేలో ఉన్నవాటికి ఆ సదుపాయం లేదు.

తీపి ఏం తినాలి?

ఖుబానీ కా మీఠా. ఎండు ఆప్రికాట్లను రాత్రంతా నానబెట్టి, ఉడికించి, గింజలు పగలగొట్టి లోపలి పప్పు పైన చల్లుతారు. మీద మీగడ. పులుపు, తీపి కలిసి బిర్యానీ బరువును కాస్త దించుతాయి. డబుల్ కా మీఠా నేతిలో వేయించి పాకంలో నానబెట్టిన బ్రెడ్డు. నాకు అంతగా ఎక్కదు, మాస్టారుకు ప్రాణం. రాత్రి మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీము. సీతాఫలం కాలం డిసెంబరుకు ముగింపుకు వస్తుంది. ఉందంటే ఇంకేమీ చూడకుండా అదే తీసుకోండి.

డబ్బుల లెక్క ఎలా?

రైలెక్కగానే తలకు 2,000 రూపాయలు ఒకే సంచిలో వేస్తాం. తిండి, ఆటోలు అన్నీ దానిలోంచే. ఒక ప్లేటును నలుగురు పంచుకునేవారికి అది సరిపోతుంది. సంచి మాస్టారు దగ్గర ఉంటుంది. "నేను ఇస్తాను, నువ్వు ఆగు" అని కౌంటర్ దగ్గర చొక్కాలు పట్టుకుని లాక్కునే బాధ తప్పింది. శాకాహారికి వాటా తగ్గించాలా అని ఒకసారి చర్చ వచ్చింది. ఎనిమిది సమోసాలు గుర్తుచేసి ముగించాం.

గొడవలు రావా?

వస్తాయి. ఎక్కువగా సాయంత్రం నాలుగింటికి, కాళ్లు నొప్పి పుట్టినప్పుడు. ఒకసారి ఎక్కడో పొగిడారని 12 కిలోమీటర్లు కారులో వెళ్లి, ముప్పావుగంట వరుసలో నిలబడి, ఆఖరికి పీచులాంటి కబాబులు తిన్నాం. తీసుకెళ్లినవాడితో తిరుగు ప్రయాణంలో ఎవరూ మాట్లాడలేదు. తీసుకెళ్లింది నేనే. అప్పటి నుంచి ఒక ఏర్పాటు ఉంది. రోజుకు ఒక్కొక్కరికి ఒక చోటు ఎంచుకునే హక్కు. అది బాగాలేకపోయినా ఎంచుకున్నవాణ్ణి ఆ రోజుకు ఏమీ అనకూడదు. మర్నాడు అనవచ్చు.

ఫొటోల విషయంలోనూ మాట ఉంది. ప్లేటుకు ఒకరే, ఒక్కటే. లుఖ్మీ చల్లారిపోతుంది.

బస ఎక్కడ?

నాంపల్లి, అబిడ్స్ ప్రాంతం. చాలా చోట్లకు నడిచి వెళ్లవచ్చు, మెట్రో పక్కనే. రెండో రోజు సికింద్రాబాద్ వైపు పెట్టుకుంటే స్టేషన్ ఎదుట అల్ఫా హోటల్‌లో చాయ్ తాగి నేరుగా రైలెక్కవచ్చు.

కడుపు పాడైతే?

సీసా నీళ్లే తాగండి, బయట కోసి పెట్టిన పళ్ల ముక్కల జోలికి వెళ్లవద్దు. మేము ఫ్లాస్కులో జీలకర్ర నీళ్లు తీసుకెళ్తాం. షుగరు, బీపీ ఉన్నవారు మందులు వేళకు వేసుకోవాలి. యాత్రలో ఉన్నామని కడుపు మనల్ని మినహాయించదు.

ఇంటికి ఏం తేవచ్చు?

ఉస్మానియా, ఫ్రూట్ బిస్కెట్లు గాలి చొరని డబ్బాలో రెండు వారాలు ఆగుతాయి. జౌజీ హల్వా కూడా ప్రయాణానికి ఓర్చుకుంటుంది. లుఖ్మీ, నాన్, మలై బన్ తేవద్దు. బిస్కెట్ పెట్టెలను సంచి అడుగున పెడితే ఇంటికి పొడి వస్తుంది. పైన పెట్టి ఒళ్లో పట్టుకోవాలి. కొన్న ప్రతి పెట్టెకూ తోడు ఒకటి అదనంగా కొనండి. ఖమ్మం వచ్చేలోపు ఒకటి ఖాళీ అవుతుంది.

వచ్చేసారి నన్నూ తీసుకెళ్తారా?

కారులో చోటు లేదు, పైన చెప్పాను. ఈ డిసెంబరులో మాస్టారుకు పరీక్ష పేపర్లు దిద్దే పని తగలవచ్చంటున్నాడు. అతను రాకపోతే ఒక చోటు ఖాళీ. కానీ వచ్చేవారికి లెక్కలు రావాలి, సంచి మోయాలి, ఏది నోట్లో పెట్టినా వాళ్ల అమ్మగారి ప్రస్తావన తేకూడదు. ఆ పదవిలో మాకు ఒకరు ఉన్నారు.